బైండర్ కావలెను

పేపర్లో ప్రకటన రెండే మాటలు. "బైండర్ కావలెను." కింద చిరునామా.

ప్రకటన ఇచ్చినాయనకి కావలసింది మనిషి కాదు, జిగురు. రంపపు పొట్టులో కాసిని వేరుశనగ తొక్కలు కలిపి, మెషీన్లో నొక్కి, బొగ్గుకి బదులు కాల్చుకునే గుళికలు చేద్దామని ఆయన ఊరి చివర షెడ్డు వేశాడు. పొట్టు మెషీన్లోంచి గుళికల్లాగే బయటికొచ్చేది. గంపలో పడేసరికి పుట్టింటి మీద బెంగ పుట్టినట్టు మళ్ళీ పొట్టయిపోయేది. దాన్ని పట్టి ఉంచే పదార్థాన్ని ఆ వ్యాపారంలో బైండర్ అంటారు. అది అమ్మేవాళ్ళు చూసి వస్తారని ఆయన ఆశ. మొదట వివరంగా ఒక పేరా రాశాడు గానీ, కాలేజీలో ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి, "సంక్షిప్తంగా వ్రాయుము" అని పిల్లల ప్రాణాలు తోడేసిన మనిషి. తన మాట తనే పాటించాడు.

వచ్చినాయన పుస్తకాలకి అట్టలు వేసే బైండరు.

ఇస్త్రీ చొక్కా, భుజాన గుడ్డసంచీ. గేటు దగ్గర నిలబడి నమస్కారం పెట్టాడు.

"ప్రకటన చూసి వచ్చానండీ. బైండర్ని."

షెడ్డు యజమాని ఆయన వెనకాల బస్తాలూ డబ్బాలూ ఏమైనా ఉన్నాయేమోనని తొంగిచూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది.

"సరుకు?"

"తెచ్చానండీ" అని బైండరు సంచీలోంచి ఒక నిఘంటువు తీసి రెండు చేతులా అందించాడు. క్యాలికో గుడ్డ అట్ట, వీపు మీద బంగారు అక్షరాలు.

యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తెరిచాడు, మూశాడు, వీపు నిమిరాడు. అర్థమైపోయిన విషయాన్ని అర్థం కానట్టు కనబడటానికి మనిషికి ఎంతసేపు కావాలో అంతసేపూ చేశాడు. ఈలోగా బైండరు కూడా షెడ్డంతా ఒకసారి కలయజూశాడు. పొట్టు గుట్టలు, ఇనప మెషీను, గంపలు. కాగితం అన్నది గోడ మీద కేలండరు ఒక్కటే.

ఇద్దరిలో ఎవరో ఒకరు "పొరపాటైందండీ" అంటే అక్కడితో పోయేది. కానీ యజమాని పక్కన ఆయన బావమరిది నిలబడి ఉన్నాడు. ప్రకటన ఇచ్చిన రోజునే "బావా, ఇంకో నాలుగు ముక్కలు రాయాల్సింది" అన్నవాడు. లోకం మొత్తం ముందు తప్పు ఒప్పుకోవచ్చు గానీ భార్య తమ్ముడి ముందు ఒప్పుకోకూడదు. మనం ఇంటికి చేరేలోపే అది చేరిపోతుంది. ఇక బైండరు సంగతి. ప్రెస్సు మూతపడిన దగ్గర్నించీ ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. అత్తగారు కూడా ఇంట్లోనే ఉంటున్నారు. పొద్దున్న "ఉద్యోగానికి వెళ్తున్నా" అని చెప్పి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వీధిన పడ్డ మనిషి, పదింటికల్లా అదే చొక్కాతో తిరిగి గుమ్మం ఎక్కడం ఎట్లా?

"మంచిది" అన్నాడు యజమాని, నిఘంటువు తిరిగి ఇస్తూ. "మీలాంటి అనుభవం ఉన్నవాళ్ళ కోసమే చూస్తున్నాం. జిగురు మీరే కాస్తారా, కొంటారా?"

"కాస్తానండీ. మైదాతో."

"చూశావా?" అన్నాడు యజమాని బావమరిదితో.

బావమరిది చూశాడు. ఏమీ అనలేదు. సాయంత్రం అక్కతో అన్నాడు.

మర్నాటి నుంచి షెడ్డు మూల పొయ్యి వెలిగింది. మైదాని చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, మరిగే నీళ్ళలో సన్నటి ధారగా పోస్తూ కర్రతో ఒకే వైపు తిప్పాలి. తెల్లగా ఉన్నది గాజులా మారే క్షణం ఒకటుంటుంది, అప్పుడు దించాలి. బైండరు ఆ క్షణం కోసం గిన్నెలోకి ఎంత భక్తిగా వంగి చూసేవాడంటే, బావమరిది కూడా పక్కకొచ్చి చూసేవాడు, ఏమైనా కనబడుతుందేమోనని.

జిగురు కలిపిన పొట్టు గుళికలుగా వచ్చింది. గంపలో పడ్డాక కూడా గుళికల్లాగే ఉంది. కాకపోతే మెత్తగా ఉంది. పట్టుకుంటే వేళ్ళకి అంటుకునేది, ఆరబెడితే గుళికలు ఒకదానికొకటి అంటుకునేవి. అయినా యజమాని పొంగిపోయాడు. తనని అందరూ ఎం.డి. గారు అనాలని ఆయనకో కోరిక. బావమరిది బావా అని తప్ప అనడు గనక, ఆ పిలుపు మొదటిసారి బైండరు నోటే విన్నాడు. ఆ తర్వాత ఆయన్ని పంపించెయ్యడం మరీ కష్టమైపోయింది.

మూడు నాలుగు రోజులకి గుళికల మీద బూజు పట్టింది.

"ఇందులో ఇంకేదో కలపాలి" అన్నాడు ఎం.డి. గారు.

ఈ మాట బయటికి పొక్కింది. అంతే, చుట్టాలంతా నడుం కట్టారు. మన ఇళ్ళల్లో ఒకరికి జ్వరం వస్తే వందమంది డాక్టర్లు తయారవుతారు కదా, అట్లాగే. ఎం.డి. గారి తోడల్లుడు బెల్లప్పాకం కలపమన్నాడు. పెద్దమ్మ బంకమట్టి అంది. ఎదురింటి రిటైర్డు ఆడిటరు, ఏం చేస్తున్నారో కనుక్కోకుండానే, చిటికెడు ఉప్పు వెయ్యమన్నాడు. ఎం.డి. గారు ఏదీ కాదనలేదు. ఒక్కొక్కటే పొట్లం కట్టి తెచ్చి "కొంచెం వేసి చూద్దాం" అనేవాడు. బెల్లానికి చీమలు వచ్చాయి. మట్టికి బూడిద ఎక్కువొచ్చింది. ఉప్పుకి ఏమీ రాలేదు. ఆడిటరు మాత్రం రోజూ వచ్చి ఎలా ఉందని అడిగి వెళ్ళేవాడు.

"పుస్తకాలకి బూజు పట్టకుండా జిగురులో మైలుతుత్తం వేస్తామండీ" అన్నాడు బైండరు.

వేశారు. బూజు ఆగింది. కాల్చి చూస్తే మంట ఆకుపచ్చగా వచ్చింది. ఎం.డి. గారు దాన్ని కాసేపు చూసి "ప్రీమియం క్వాలిటీ" అన్నాడు. కెమిస్ట్రీ చెప్పిన మనిషి గనక ఆ పచ్చ మైలుతుత్తంలోని రాగిదని తెలుసు, ఆ పొగ మంచిది కాదనీ తెలుసు. వెంటనే నీళ్ళు పోసి ఆర్పేశాడు.

ఆ వారంలోనే ఎం.డి. గారి తోడల్లుడు కొత్త కారు కొన్నాడు. వెళ్ళి చూసి, బాగుందని చెప్పి, వచ్చేటప్పుడు దారంతా అందులో లోపాలు వెతుక్కుంటూ రావాలి. పూర్తి రోజు పని. ఎం.డి. గారు భార్యని తీసుకుని పొద్దున్నే బయల్దేరాడు.

మెషీను ఆ రోజు ఆపకుండా నడిచింది. మామూలుగా అయితే నాలుగు తట్టలు వెయ్యగానే ఎం.డి. గారు కరెంటు మీటరు వైపు చూసి "ఇంక చాలు, ఆపు" అనేవాడు. అది చల్లారాక మళ్ళీ నాలుగు తట్టలు. ఇంట్లో ఫ్యాను వేసుకోవడం కూడా ఆయనకి అదే పద్ధతి. ఆయన లేడు గనక ఆపేవాళ్ళు లేరు. బావమరిది పాటలు పెట్టుకుని తట్ట మీద తట్ట గుమ్మరిస్తున్నాడు. మెషీను అడుగున చిల్లుల ఇనప పళ్ళెం, దాని మీద దొర్లే రెండు రోలర్లు. మధ్యాహ్నానికి ఆ పళ్ళెం మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమంది.

అప్పుడే జిగురు అడుగంటింది. ముప్ఫై ఏళ్ళ బైండింగు పనిలో ఆయన జిగురు అడుగంటడం ఇదే మొదలు. కారణం బావమరిదే. అతను తన అక్క గురించి చెప్తున్నాడు, సరిగ్గా గిన్నె దించాల్సిన క్షణానికి ఆ కథ మంచి పట్టులో ఉంది. బైండరు మాడిన గిన్నెని బయట పెట్టి, చెయ్యి తుడుచుకుని లోపలికొచ్చేసరికి బావమరిది మెషీను నోట్లోకి పొట్టు వేసేస్తున్నాడు. బయట ఎండలో ఆరబెట్టినది, పొద్దుటి చెమ్మ కాస్త ఇంకా మిగిలి ఉన్నది. జిగురు కలిపారనే అనుకున్నాడు.

"ఆగు బాబూ" అనబోయాడు బైండరు.

ఈలోగా శబ్దం మారింది. ఇంతవరకూ బురదలో కాళ్ళు పీకుతున్నట్టు వచ్చే చప్పుడు. ఇప్పుడు రేకు మీద వాన మొదలైనట్టు టకటకా. బైండరు వంగి చూశాడు. చిల్లుల కింద నుంచి గుళికలు దిగుతున్నాయి, ముదురు గోధుమ రంగులో, పాలిష్ పెట్టినట్టు మెరుస్తూ. పొడుగు పెరిగి, తమంతట తామే టప్పున విరిగి పడుతున్నాయి.

ఒకటి తీసుకున్నాడు. చెయ్యి కాలింది, అయినా వదల్లేదు. వేళ్ళకి ఏమీ అంటుకోలేదు. గోరు దిగలేదు. రెండు బొటనవేళ్ళతో నొక్కి విరిస్తే, కర్ర విరిగినట్టు విరిగింది; లోపలి నుంచి అప్పుడే కోసిన చెట్టు వాసన వచ్చింది. తొక్కలు ఎక్కడ, పొట్టు ఎక్కడ అని వెతికాడు. అంతా ఒక్కటైపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఎన్ని అతికించాడో లెక్క లేదు గానీ, అతుకు కనబడకుండా అతికించింది ఒక్కటీ లేదు.

"ఇవాళ జిగురు భలే కుదిరింది గురువుగారూ" అన్నాడు బావమరిది.

బైండరు నోరు తెరిచాడు. బయట మాడిన గిన్నె ఉంది. లోపల జిగురు లేని గుళికలు కుప్ప పడుతున్నాయి. జిగురు అక్కర్లేని చోట జిగురువాడికి ఏం పని? ఈ ప్రశ్న ఆయనకి అక్కడే, అంత మెరిసే గుళిక చేతిలో ఉండగానే వచ్చింది.

"ఆ" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో గుళికని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"మందుబిళ్ళా అది?" అంది అత్తగారు. ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడదు, కూతురికి చెప్తుంది. "ఏం జబ్బట మీ ఆయనకి? ఉద్యోగంలో చేరిన నాలుగు రోజులకేనా?"

ఆయన లేచి వెళ్ళి వీధి తలుపు మీద వేలితో కొట్టి చూశాడు. చెవి ఆనించాడు. మళ్ళీ కొట్టాడు.

"ఎవరండీ?" అంది భార్య వంటింట్లోంచి.

"ఎవరూ లేరు. ఈ చెక్క ఎలా నిలబడిందా అని చూస్తున్నా."

"గడియ వేస్తే నిలబడుతుందని చెప్పు" అంది అత్తగారు.

మర్నాడు కావాలనే చేశాడు. జిగురు కాచాడు, చక్కగా, గాజులా. బకెట్టు పట్టుకుని మెషీను దాకా నడిచాడు. బావమరిది పొట్టు కోసం అటు తిరగగానే, వెనక తలుపులోంచి వెళ్ళి గోడ పక్కన పారబోసి వచ్చాడు. మెషీను బాగా వేడెక్కే దాకా ఏదో ఒక వంకతో ఆపనివ్వలేదు. మళ్ళీ అదే వాన చప్పుడు. ఆ మర్నాడూ అంతే. గోడ వెనక చీమలు తమ చుట్టాల్ని కూడా పిలిపించుకున్నాయి. ఎం.డి. గారు గుళికలు గుప్పిట పట్టి, గలగలలాడించి "చూశారా, అనుభవం అంటే ఇదీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడు. చెప్పినప్పుడల్లా బైండరు గిన్నె వైపు తల దించుకునేవాడు. చూసేవాళ్ళు అది వినయం అనుకునేవారు.

పారబోస్తున్న జిగురు కంటే ఆయన్ని ఆ గుళికలే ఎక్కువ సతాయించాయి. పని మధ్యలో లేచివెళ్ళి కుప్పలో చెయ్యి పెట్టి నిలబడేవాడు. దీన్ని పట్టి ఉంచుతున్నది ఎవరు? అడుగుదామంటే, అడిగిన మరుక్షణం ఉద్యోగం పోతుంది. తెలుసుకోకుండా ఉందామంటే, నిద్ర పోతోంది.

ఒకరోజు సరుకు చూడటానికి లాండ్రీ బాయిలరు చూసుకునే పెద్దమనిషి వచ్చాడు. ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లన్నీ ఉతికే పెద్ద లాండ్రీ. అది సరుకు తీసుకుంటే షెడ్డు నిలబడుతుంది, లేకపోతే తాళం పెట్టుకోవాలి. ఎం.డి. గారు ఆ రోజు కోటు వేసుకున్నాడు. బాయిలరాయన కుర్చీ వద్దన్నాడు, నీళ్ళు వద్దన్నాడు. ఒక గుళిక పళ్ళ మధ్య పెట్టి కొరికాడు, ఇంకోటి నేలకేసి కొట్టాడు. మొహంలో మొదటిసారి ఏదో మెత్తబడింది.

"బాగుంది. ఏం కలుపుతారు?"

ఈ ప్రశ్న కోసమే ఎం.డి. గారు కోటు వేసుకున్నది.

"అది మా బైండరుగారి ఫార్ములా అండీ. ముప్ఫై ఏళ్ళ అనుభవం. బయటికి చెప్పం. జిగురు పాకం ఏ క్షణంలో దించాలో ఆయనకి తప్ప—"

"జిగురా?" అన్నాడు బాయిలరాయన. చేతిలోని గుళికని గంపలో వేసేసి, చెయ్యి దులుపుకున్నాడు. "జిగురు కలిపినవి మాకొద్దండీ. ఇంతకుముందొకాయన అమ్మాడు. బాయిలరు లోపలంతా పాకం కట్టి గట్టిపడిపోయింది. ఉలి పెట్టి కొట్టాం. నేనే లోపల దూరి కొట్టాను. నన్నిలా ఎండలో తిప్పకుండా ముందే చెప్పాల్సింది."

ఎం.డి. గారికి ఏం చెయ్యాలో తోచక కోటు గుండీ పెట్టుకున్నాడు. బాయిలరాయన గేటు వైపు నడిచాడు.

బైండరు పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు, కర్ర చేతిలో. ఊరుకుంటే చాలు. ఈ లాండ్రీ కాకపోతే ఇంకో లాండ్రీ. తను పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వస్తూనే ఉండొచ్చు. కర్ర తిప్పుతూ ఉండొచ్చు. గిన్నెలో పాకం అప్పుడే గాజులా మారుతోంది. దించలేదు.

"అందులో ఏమీ లేదండీ" అన్నాడు.

బాయిలరాయన ఆగాడు. "ముప్ఫై ఏళ్ళ అనుభవం అన్నారుగా?"

"నా అనుభవం గోడ వెనకుందండీ. చూపిస్తాను."

నలుగురూ వెళ్ళి చూశారు. తెల్లగా ఎండి, పెచ్చులు లేచిన జిగురు మడుగు, దాని మీద చీమల జాతర. ఎం.డి. గారు చీమల్ని చాలాసేపు చూశాడు. తర్వాత బైండర్ని చూశాడు. ఇంత అవమానం అర్థం కావాలన్నా కొంచెం టైము పడుతుంది.

"అంతా లోపలికి రండి" అన్నాడు బైండరు. ఆయన ఆ షెడ్డులో ఇంకొకరికి పని చెప్పడం అదే మొదలు. "బాబూ, మెషీను వెయ్యి. ఎవరూ ఆపకండి. ఎం.డి. గారూ, మీరు మీటరు వైపు చూడకండి."

చేతిలో ఏమీ లేదని రెండు అరచేతులూ చూపించి, ఉత్త పొట్టు, ఉత్త తొక్కలు తట్టతో ఎత్తి పోశాడు. మొదట వచ్చినవి పొట్టుగానే రాలిపోయాయి. బాయిలరాయన వాచీ చూసుకున్నాడు. మెషీను వేడెక్కింది. పొట్టులోంచి సన్నటి ఆవిరి లేచి, షెడ్డంతా చెట్టు వాసన కమ్ముకుంది. బురద చప్పుడు పల్చబడింది. తర్వాత ఎక్కడో ఒక చినుకు. ఇంకొకటి. ఆ తర్వాత వాన.

బావమరిది, మెషీనుతో పాటు అలవాటుగా పెట్టుకున్న పాటలు కట్టేశాడు.

ఎం.డి. గారు వంగి వేడివేడి గుళిక ఒకటి తీసుకుని, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, తనలో తను అనుకున్నట్టు "లిగ్నిన్" అన్నాడు.

"ఏంటి బావా?"

"లిగ్నిన్. చెట్టు తన లోపల తనే తయారు చేసుకునే జిగురు. వేడికి మెత్తబడుతుంది, చల్లారితే బిగుసుకుంటుంది. రెండు మార్కుల ప్రశ్న. ముప్ఫై ఏళ్ళు అడిగాను. రాయనివాడికి సున్నా వేశాను." గుళికని వెలుతురులోకి తిప్పాడు. "నేను దాన్నెప్పుడూ చూళ్ళేదు."

"మరి మనం ముందు జిగురు లేకుండా చేసినప్పుడు రాలేదేం?"

ఎం.డి. గారు మీటరు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "వేడెక్కనిస్తేగా" అన్నాడు.

బైండరు గుళిక పట్టుకునే ఉన్నాడు. "కాగితం కూడా చెట్టుదే కదండీ. మరి దాన్లో ఉండదా ఇది?"

"ఉండదు. చెక్కని ఉడకబెట్టి ఇదంతా పిండి తీసేస్తేగానీ తెల్ల కాగితం రాదు. సరిగ్గా తియ్యకపోతే పసుపెక్కిపోతుంది, పాత పేపర్లలాగా."

"అంటే నా చేతికొచ్చిన కాగితమంతా జిగురు తీసేసినదే."

"అంతే."

"దాన్నే నేను మళ్ళీ అతికిస్తూ కూర్చున్నాను."

"అంతే."

"వాళ్ళు తియ్యకపోతే మీకు పనే ఉండేది కాదు గురువుగారూ" అన్నాడు బావమరిది, ఓదార్పుగా.

తలుపులోంచి పక్క స్థలంలో చెట్టొకటి కనబడుతోంది. పేరున్న చెట్టేం కాదు. ఎవరో దానికి తాడు కట్టి బట్టలు ఆరేశారు. గాలికి బట్టల్ని, తాడుని, తననీ మోసుకుంటూ మెల్లగా ఊగుతోంది. ఇన్నాళ్ళూ అది పొట్టుగా రాలిపోకుండా ఎలా నిలబడిందని వాళ్ళలో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ముగ్గురూ అటే చూస్తున్నారు. బాయిలరాయన కూడా వాళ్ళు ఏం చూస్తున్నారో తెలియక, అయినా చూశాడు.

"పంపండి" అన్నాడు చివరికి. "ఇవే పంపండి. ఏమీ కలపొద్దు. కలిపారని తెలిసిన రోజున మళ్ళీ గేటు తొక్కను."

ఆయన వెళ్ళాక బైండరు పొయ్యి ఆర్పాడు. మాడిన గిన్నె తోమాడు. కర్ర కడిగి గోడకి ఆనించాడు. గుడ్డసంచీ భుజానికి తగిలించుకుని ఎం.డి. గారి ముందు నిలబడ్డాడు.

"వెళ్ళొస్తానండీ. రేపట్నించి రాను."

"ఎందుకని?"

"కలిపేదేం లేదుగా."

ఎం.డి. గారు కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. మనిషిని మొహం మీద రమ్మనగలిగినాయన, మొహం మీద పొమ్మనలేడు. అది బైండరుకి తెలుసు గనకే తనే అన్నాడు. కానీ ఎం.డి. గారు ఆలోచిస్తున్నది అది కాదు. కోటు జేబులోంచి ఒక పొట్లం తీశాడు, చొక్కా జేబులోంచి ఇంకొకటి. ఒకటి సున్నం, ఇంకోటి సాంబ్రాణి. బల్ల మీద పెట్టి కాసేపు చూశాడు.

"ఇవి పొద్దున్న ఇచ్చారు. మా తోడల్లుడొకటి, ఆడిటరుగారొకటి" అన్నాడు. "కలపకుండా ఎవరు చూసుకుంటారు?"

"అంటే?"

"మెషీను పక్కన నిలబడి, లోపల ఏమీ పడకుండా చూడటానికి ఒక మనిషి కావాలి. మా చుట్టాలు మీకు తెలుసు. ఎవర్నీ దగ్గరికి రానివ్వకూడదు. మా తోడల్లుణ్ణి అసలు." గొంతు తగ్గించాడు. "వాళ్ళ సంగతి వదిలెయ్యండి. నా సంగతి నాకు తెలుసు. బాగున్నదాన్ని బాగున్నట్టు ఉండనివ్వడం నా వల్ల కాదు."

బైండరు పక్కనున్న బావమరిది వైపు చూశాడు. బావమరిది అవునన్నట్టు తలూపాడు. ఈసారి అక్కకి చెప్పాల్సింది కూడా ఏమీ లేదు, ఆవిడకి తెలుసు.

ఇంట్లో అత్తగారు కూతుర్ని అడిగింది. "ఇంతకీ ఏం పనట?"

"ఏమీ కలపకుండా చూడటమట."

"దానికో మనిషా?"

"నువ్వు నా కూరల్లో చెయ్యి పెట్టకుండా చూసేవాడొకడుంటే నేనే జీతమిచ్చి పెట్టుకుందును" అంది కూతురు.

మర్నాడు పొద్దున్న మెషీను వేడెక్కాక, వాన చప్పుడు మొదలయ్యాక, ఎం.డి. గారు మెల్లగా లోపలికొచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాయి. గోడ మీద కేలండరు చూశాడు, రేకు కప్పు చూశాడు, చూస్తూ చూస్తూ మెషీను దగ్గరికి జరిగాడు. బైండరు మెషీను నోటికి అడ్డంగా నిలబడ్డాడు.

"వెనక ఏంటండీ?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే వెయ్యండి" అన్నాడు బైండరు, పక్కకి తప్పుకుని.

ఎం.డి. గారు కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత చేతిలోని పొట్లం లాల్చీ జేబులో వేసుకుని, వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. కింద గంపలో గుళికలు పడుతున్నాయి. ఇద్దరూ వంగి చూస్తున్నారు.